పుస్తకంలో లేని చిలక

"అమ్మా, ఇందులో చిలకే లేదు!" అంటూ మొన్న ఆదివారం మా అమ్మాయి పాత పుస్తకమొకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఇంటికి రంగులు వేయిద్దామని అలమరలు ఖాళీ చేస్తుంటే దొరికిందట. ఎప్పుడో ఇంగ్లీషులో రాసిన డిటెక్టివ్ నవలకి జర్మన్ అనువాదం అది. యూనివర్సిటీలో జర్మన్ నేర్చుకున్న పిల్ల కనక, సర్దడం మానేసి అక్కడే నేలమీద కూర్చుని చివరిదాకా చదివేసింది. "నో పారట్, నో సెకండ్ మర్డర్, నథింగ్! నువ్వు చెప్పిన స్టోరీ ఏదమ్మా?" అని నిలదీసింది. నిజమే, దాని చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ ఆ చిలక కథ ఎన్నిసార్లు చెప్పానో. పిల్లకి హత్యలు చెప్పి ముద్దలు పెట్టిన తల్లిని నేనేనేమో. గరిటె చేత్తో పట్టుకుని ఆలోచనలో పడ్డాను.

అది వైటూకే ఏడాది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మాసన్ లేక్స్ అనే కొత్త పేట అప్పుడప్పుడే కడుతున్నారు. దానికి కాస్త ఇవతల పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నాకు నెలలు నిండుతున్నాయి. మావారికేమో కంప్యూటర్లలో రెండంకెలుగా రాసిన సంవత్సరాలన్నీ నాలుగంకెలు చేసే పని, ఇంటికి నిద్రపోవడానికి వచ్చేవారు. "ఆ నాలుగంకెలేవో ముందే రాసి ఏడవచ్చుగా" అనేవారు మా అత్తగారు. నాకు అమ్మ లేదు. పురుడు పొయ్యడానికి తెనాలి నుంచి ఆవిడే వచ్చారు. రావడమైతే వచ్చారు గానీ, వారం తిరక్కుండానే మొహం వాడిపోయింది. వీధిలో మనిషి కనపడడు, కనపడినా మాట కలవదు. "ఇక్కడ కాకులు కూడా చంటిపిల్లల్లా ఏడుస్తున్నాయే అమ్మాయ్, నా వల్ల కాదు" అన్నారు. ఆ కాకుల మాట మాత్రం అక్షరాలా నిజం. ఓ రోజు కొడుకు ముందే, టికెట్టు ముందుకి జరిపించమని తేల్చి చెప్పేశారు. ఆవిడ వెళ్లిపోతే పురిట్లో నా పక్కన ఎవరూ ఉండరు. ఆ భయం పైకి చెప్పుకోలేక పెరట్లో బట్టలారేస్తూ ఏడుస్తుంటే, కంచె అవతలి నుంచి ఓమా చూసింది.

ఓమా మా పక్కింటి జర్మన్ ముసలావిడ. వాళ్ల భాషలో ఓమా అంటే అమ్మమ్మట, వీధిలో పిల్లలందరూ అలాగే పిలిచేవాళ్లు. భర్త పోయాక ఆవిడకి తోడు ఒక అలమరనిండా డిటెక్టివ్ నవలలు. అన్నీ ఇంగ్లీషు కథలే, అన్నీ జర్మన్‌లోనే. హత్య ఇంగ్లండులో జరిగితేనే అందం, చదవడం మాత్రం సొంత భాషలోనే సుఖం అనేది. నా గోడు విని, రేపు మీ అత్తగారిని కాఫీకి తీసుకురా అంది. ఆ కాఫీ దగ్గరే తెలిసింది, తెనాలిలో అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలన్నీ పప్పు కలియబెడుతూ చదివేసిన మనిషట మా అత్తగారు! కోడలినై ఉండి నాకే తెలీదు. ఓమా వెంటనే ఈ పుస్తకం తీసింది. జర్మన్‌లో చూసి ఆవిడ ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. ఇంగ్లండులో పుట్టిన కథ, పాపం, ఇన్ని ఊళ్లు తిరిగి తెనాలి చేరింది.

ఓ పెద్ద బంగళాలో ధనవంతుడు చచ్చిపడి ఉంటాడు. డాక్టరొచ్చి నాడి చూస్తాడు. అక్కడిదాకా వినగానే అత్తగారు చేగోడీ పక్కన పెట్టి, "వాడే చంపాడు. కబురు పెట్టకముందే వచ్చిన డాక్టర్ని ఎక్కడన్నా చూశావుటే?" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఓమా కళ్లజోడు సర్దుకుని, కాసేపు నా పొట్టకేసి చూసి, చూద్దాం చూద్దాం అంది. తర్వాత రోజుకో చిక్కు. తోటమాలి మాయమయ్యాడు. ఇంకో హత్య జరిగింది. చచ్చినాయన గొంతుతో చిలక మాట్లాడింది. "ఆ చిలక సంగతి తేలాక వెళ్తాలే" అని అత్తగారు టికెట్టు మాట వాయిదా వేశారు. రోజూ ఓమాకి ఎదురుగా కాకుండా పక్కన ఒరుసుకుని కూర్చుని, ఒక్క అక్షరం రాకపోయినా పుస్తకంలోకే చూసేవారు. పుస్తకాల మీద భక్తి అనుకున్నాను. ఎండ మండిపోతున్న ఓ మధ్యాహ్నం, చిలక కోర్టుకెక్కబోతుండగా నాకు నొప్పులొచ్చాయి. ఓమా కారు తోలింది, వెనక సీట్లో నా తల అత్తగారి ఒళ్లో. పాప పుట్టింది. బారసాల నాడు దాన్ని ఎత్తుకుని ఓమా కథ ముగించింది, హంతకుడు తోటమాలేనని. ఎవరితోనూ వాదనలో ఓడిపోని మా అత్తగారు "అలాగా" అని ఊరుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకి, వృద్ధాశ్రమానికి మారిపోతూ ఆ పుస్తకం పాపకని ఇచ్చి వెళ్లింది ఓమా.

"ఇంతకీ అందులో హంతకుడెవరే?" అని అడిగాను అమ్మాయిని. "డాక్టర్. హి కేమ్ బిఫోర్ దే కాల్డ్ హిమ్" అంది. వెంటనే తెనాలికి ఫోన్ చేశాను. అత్తయ్యా, మొదటిరోజే మీరు పట్టేశారు, మిమ్మల్ని ఆపడానికి ఓమా మిగతాదంతా కల్పించింది అని ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ నవ్వారు. "నాకు తెలుసులేవే. గంటసేపు చదివినా పేజీ తిప్పేది కాదు. జర్మనీ రాకపోతే పేజీ తిప్పడం కూడా తెలీదా నాకు?"

"మరి ఎందుకున్నారు?"

"పోతానని మావాడి ముందు అంత గట్టిగా అన్నాక ఊరికే ఎట్టా ఉండిపోనే? నువ్వా నోరు తెరిచి ఉండమనవు. మహాతల్లి, ఆ చిలకని తెచ్చి నా పరువు కాపాడింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ ఏడాది లోకమంతా సంవత్సరం మారితే ఏమైపోతుందోనని వణికిపోతుంటే, పక్కింటి వరండాలో ఇద్దరు పెద్దవాళ్లు నా కోసం కాలాన్ని ఒక్క పేజీ దగ్గర ఆపి కూర్చున్నారు.