అటెన్షన్‌లో తీసిన కొలత

పోయిన నెల మదనపల్లెలో ఫోను కొనడానికి వెళ్తే, దుకాణంలో అమ్మాయి నా నడుము వైపు ఒకసారి చూసి, "సార్, దీనికి హోల్‌స్టర్ కూడా ఉండాది, బెల్టుకు తగిలించుకోవచ్చు" అంది. నా నడుముకు బెల్టు అలంకారం కాదు, ఆధారం. ప్యాంటును మోయడానికే అది ఆపసోపాలు పడుతుంది, ఫోను కూడా మోయమంటే రాజీనామా ఇస్తుంది. వద్దమ్మా అన్నాను గానీ, ఆ హోల్‌స్టర్ అన్న మాట మాత్రం దుకాణం దిగి నా వెంట వచ్చేసింది. దాని వెనకే ఆముదం వాసన, పాత తోలు వాసన, నానబెట్టిన ఉలవల వాసన వరసగా వచ్చాయి. బస్టాండుకు పోవలసినవాణ్ణి ఒకప్పుడు జట్కా బండ్లు నిలిచే వీధిలోకి ఎందుకు తిరిగానో ఇంటికి చేరాక గానీ నాకు తెలియలేదు.

ఆ మాట నేను మొదట విన్నది మా బావ నోట. బావంటే మా అక్క భర్త, పుంగనూరు మనిషి. పట్టాళంలో హవల్దారుగా ఉండి, డెబ్బై ఒకటి యుద్ధంలో కుడి చేతికి ఇనుప ముక్క తగిలి ఇంటికి వచ్చేశాడు. చెయ్యి ఉంది, వేళ్ళు ఐదూ ఉన్నాయి, కానీ అందులో మూడు వంగవు. ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుని ఏడేళ్ళు ఇంట్లోనే గడిపాడు. అన్నిటి కంటే ఎక్కువగా ఆయన్ను బాధపెట్టింది అన్నం. ముద్ద కలపడానికి కుడి చెయ్యి రాదు, ఎడమ చేత్తో తింటుంటే ఎవరి కంటా పడటం ఇష్టం లేదు. అందుకని అక్క పళ్ళెం లోపలి గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసేది. పెళ్ళిళ్ళకు పోతే కడుపునొప్పి అని చెప్పి పంక్తి తప్పించుకునేవాడు. ఆ లెక్కన మా బంధువుల్లో అంత ఆరోగ్యంగా ఉండి అన్నిసార్లు కడుపునొప్పి వచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

అప్పట్లో నేను మదనపల్లెలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేవాణ్ణి. పది వేళ్ళతో కొట్టాలని పిల్లలకు చెప్పి, ఎవరూ చూడనప్పుడు రెండు వేళ్ళతో కొట్టుకునే గురువును. ఒక రోజు పొద్దున్నే అక్క బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. కుప్పంలో రాళ్ళ క్వారీలు నడిపే ఒక యజమాని, కూలీలకు డబ్బు బట్వాడా చేసే రోజు జీపులో తోడు పోవడానికి మాజీ సైనికుడి కోసం వెతుకుతున్నాడట. రివాల్వర్ ఆయనది, లైసెన్సు ఆయనది, దాన్ని పట్టుకునే మనిషి పేరు కూడా కాగితాల్లో రాయిస్తాడట. ఎడమ చేతివాడైనా ఫరవాలేదు, కానీ జీపులో కూర్చున్నచోటే చటుక్కున తీయగలగాలి, అది కళ్ళారా చూశాకే పని ఇస్తాడట. సంగతంతా చెప్పి, అక్క గొంతు తగ్గించింది.

"ఈ పనిగాన తప్పిపోతే ఆ మనిషి ఇంక గడప దాటడురా. నాకు తెలుసు. ఈసారికి నువ్వు కూడా ఉండు."

చిక్కు ఏమిటంటే, కొనబోతే దొరికే హోల్‌స్టర్లు, అంటే రివాల్వర్ ఒరలు, అన్నీ కుడిచేతి వాళ్ళవే. అప్పుడు బావ వాళ్ళ నాయన ట్రంకు పెట్టె బయటికి వచ్చింది. ఆ పెద్దాయన ఇంగ్లీషు వాళ్ళ కాలంలో కంచరగాడిదల దళంలో పనిచేసి బర్మా దాకా పోయి వచ్చినవాడు. పెట్టెలో ఆయన వెడల్పాటి తోలు బెల్టు, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే తూటాల పట్టీ, దానికి ఐదు చిన్న చిన్న తోలు జేబులు ఉన్నాయి. తోలు ఎండి అప్పడంలా ఉంది గానీ ఇత్తడి కట్లు తుడిస్తే ముఖం కనిపించింది. దీన్ని విప్పి కొత్త ఒర కుట్టించాలన్నది బావ ఆలోచన. ఏడేళ్ళలో ఆయన నోట ఆలోచన అన్నది రావడం అదే మొదలు కాబట్టి మేమెవరం ఎదురు చెప్పలేదు.

కుట్టగలిగినవాడు నాకు తెలిసి ఒక్కడే. మా ఇన్‌స్టిట్యూట్ వెనక వీధిలో గుర్రాలకు జీనులు, కళ్ళేలు కుట్టే సాయిబు. ఆటోలు వచ్చి జట్కాలను ఊరి చివరికి తరుముతున్న రోజులవి. ఆటోకు కళ్ళెం అక్కర్లేదు కనుక సాయిబు చేతిలో పని కన్నా తీరిక ఎక్కువగా ఉండేది. పట్టీని చేతిలోకి తీసుకుని, కుట్టు మీద గోరు నడిపి, వాసన చూసి, "ఇది మా పనేనప్పా. దీన్ని కుట్టినోడు ముందర గుర్రాలకు కుట్టినోడే" అన్నాడు. రెండు వారాలు దానికి ఆముదం పట్టించాడు. నేను కుప్పం పోయి, తూటాలు తీసేసిన రివాల్వర్‌ను పాత పేపరు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకుని వచ్చాను. బస్సులో ఆ కాగితపు తుపాకిని జేబులో పెట్టుకుని నేను పడిన భయం నిజం తుపాకి మోసేవాళ్ళు కూడా పడి ఉండరు. ఆ బొమ్మను చూసి సాయిబు ఒక చెక్క రివాల్వర్ చెక్కి, దాని చుట్టూ తడి తోలు బిగించి ఒర ఆకారం తెచ్చాడు. పట్టీ భుజానికి, బెల్టు నడుముకు, జేబుల తోలు ఒరకు. ఐదో జేబు మాత్రం విప్పొద్దన్నాడు బావ. ఆయన ముక్కుపొడి డబ్బా దానిలో సరిగ్గా పట్టింది.

కొలతల రోజు అంతా బాగానే జరిగిందనుకున్నాం. సాయిబు దారం ఒంటికి తగిలీ తగలగానే బావ మడమలు టక్కున కలిపి, ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి నిలబడ్డాడు. పట్టాళం దర్జీ ముందు నిలబడిన అలవాటు. సాయిబు రెండుసార్లు ఒళ్ళు వదలమన్నాడు, బావ రెండుసార్లు ఇంకా బిగించాడు. ఆముదం వల్ల బెల్టు వదులైంది గానీ, మనిషి బెట్టు వదులు కాలేదు.

కుప్పంలో ఆ సంగతి బయటపడింది. నిలబడి ఉన్నంతసేపు ఒర ఒంటికి అతుక్కుని అందంగా ఉంది. జీపు ఎక్కి కూర్చోగానే బెల్టు పొట్టలో గుచ్చుకుంది, ఒర చంకలోకి ఎగదన్నింది. యజమాని తల ఊపాడు, బావ లాగాడు. రివాల్వర్‌తో పాటు ఒర, ఒరతో పాటు పట్టీ, పట్టీతో పాటు చొక్కా కూడా పైకి వచ్చాయి. డ్రైవరు నవ్వు ఆపుకోలేక జీపు దిగిపోయాడు. యజమాని మంచివాడే. "వచ్చే బేస్తవారం ఇంకొకసారి రాప్పా. ఆపైన నేనూ ఎవర్నో ఒకర్ని పెట్టుకోవాల గదా" అన్నాడు. పలమనేరులో బస్సు మారేటప్పుడు బావ, ఈ తోలుముక్కల్ని మళ్ళీ పెట్టెలో పెట్టించమని అక్కకు చెప్పమన్నాడు.

నేను చెప్పలేదు. వాటిని సంచిలో వేసుకుని సాయిబు దగ్గరికి పోయాను. జరిగింది విని ఆయన తల పట్టుకున్నాడు. బిగుసుకుని నిలబడిన గుర్రానికి కొలత తీస్తే నడిచే గుర్రానికి పుండు పడుతుందట. అందుకే జీను కొలత ఎప్పుడూ గుర్రం తొట్టిలో ఉలవలు తింటుండగా, దాని ధ్యాస వేరేచోట ఉండగా తీస్తారట. ఈ చిన్న సంగతి మనిషికి వర్తిస్తుందని తట్టకపోవడం తన తప్పేనన్నాడు. రేపు మధ్యాహ్నం హవల్దారప్పను భోజనానికి తీసుకుని రమ్మన్నాడు. బావ అలవాటు చెప్పాను. సాయిబు సూదికి దారం ఎక్కించుకున్నాడు.

ఒర దిద్దాలి రమ్మంటున్నాడని మాత్రమే చెప్పి బావను పిలుచుకుపోయాను. అబద్ధం కాదు, సగం నిజం. ఆ సగం కూడా అక్క అరగంట పోరితే పని చేసింది. అంగట్లోనే చాప వేసి, సాయిబు భార్య పలావు, దాల్చా వడ్డించి లోపలికి పోయింది. బావ వెంటనే కడుపు పట్టుకున్నాడు. సాయిబు తన పళ్ళెం ముట్టకుండా ఒక జీను ముక్కను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుడుతున్నాడు. ఆ కుట్టుకు రెండు సూదులు. ఒక్కటే రంధ్రంలోకి కుడి చేతి సూది ఇటు నుంచి, ఎడమ చేతి సూది అటు నుంచి దూరి, దారం రెండు వైపులా బిగుస్తుంది.

"సూడప్పా, దీంట్లో ఏ కుట్టు కుడి చేతిదో ఏది ఎడం చేతిదో చెప్పు" అన్నాడు తలెత్తకుండా. బావ తోలును అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలియలేదు.

"నలభై ఏండ్లు కుట్టినా, నాకే తెలీదు. అల్లా రెండు సేతులిచ్చినాడు, యాదో ఒకటి పని సెయ్యాల. తిను, సల్లారిపోతాది."

నేను కూడా ఏదో ఒకటి అనాలి కదా అని, టైపు మిషను మీద ఎక్కువ అక్షరాలు ఎడమ చేతి వైపే ఉంటాయి బావా అన్నాను. నా జీవితంలో నేను వేళకు చెప్పిన పాఠం అదొక్కటే. బావ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తువ్వాలు కింది నుంచి కుడి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి పళ్ళెంలో పెట్టాడు.

మొదటి ముద్ద బిగుసుకునే తిన్నాడు. రెండో ముద్దకు మెడ వంగింది. నాలుగో ముద్దకు వీపు గుండ్రమైంది, భుజాలు దిగాయి, పొట్ట తన చోటికి తాను వచ్చింది. ఏడేళ్ళుగా నేను చూడని మా బావ అక్కడ కూర్చుని దాల్చా జుర్రుకుంటున్నాడు. సాయిబు పిల్లి లాగా లేచి, బెల్టును, పట్టీని ఆయన చుట్టూ వేసి, ఒళ్ళు ఎక్కడ మడతపడుతోందో అక్కడల్లా సుద్దముక్కతో గీతలు పెట్టాడు. బావకు తెలియలేదు. తెలిసినా, రెండోసారి పలావు అడగడం మానలేదు.

బేస్తవారం కుప్పంలో జీపు అదే, డ్రైవరు అతనే. ఒరను నాలుగు వేళ్ళు కిందికి దించి, ముందుకు వాలేట్టు కుట్టి ఉంది. యజమాని తల ఊపాడు. ఖాళీ రివాల్వర్ బావ ఎడమ చేతిలో ఉండటం చూశాం గానీ, రావడం ఎవరం చూడలేదు. ఒర ఉన్నచోటే ఉంది. "సోమారం నించి రాప్పా" అన్నాడు యజమాని. నేను డ్రైవరు వైపు చూసి కొంచెం గర్వంగా నవ్వాను, ఏదో నేనే తీసినట్టు.

రైలు స్టేషను దగ్గర హోటలుకు పోయాం. బావ తానే రెండు భోజనాలు చెప్పి, ఆకు మీద నీళ్ళు చల్లి, నడిమధ్య బల్ల దగ్గర కూర్చుని ఎడమ చేత్తో సాంబారు కలుపుకున్నాడు. ఎదురుగా ఒక పెద్దమనిషి ముద్ద నోటి దగ్గరే ఆపి చూస్తూ ఉండిపోయాడు.

బావ తాపీగా అన్నాడు: "ఏమప్పా, అట్ల సూస్తాండావు? ఇది డ్యూటీ చెయ్యి."

పన్నెండేళ్ళు చేశాడు ఆ డ్యూటీ. రివాల్వర్ బయటికి తీయవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ముక్కుపొడి డబ్బా మాత్రం రోజుకు ఇరవైసార్లు వచ్చేది. ఆ ఒర, పట్టీ, బెల్టుతో సహా, ఇప్పుడు పుంగనూరులో మా మేనకోడలి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. సుద్ద గీతలు చెరిగిపోయాయి గానీ, పళ్ళెం మీదికి వంగిన మనిషి వంపు మాత్రం ఆ తోలులో అలాగే ఉంది. నా ఫొటోలన్నింటిలోనూ నేను ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి నిలబడి ఉంటాను. కాలానికి ఆ ఫొటోలతో పనిలేదని ఇప్పుడు తెలుస్తోంది. అది కూడా సాయిబు లాంటిదే, మనం అన్నం తింటూ ఏమరుపాటుగా ఉన్నప్పుడు వెనక నుంచి వచ్చి కొలత తీసుకుని పోతుంది.