పితికిపప్పు అక్క

నా చిన్నప్పుడు, తొంభైల నాటి బెంగళూరులో, నాకు నత్తి ఉండేది. ముఖ్యంగా 'అ'తో మొదలయ్యే మాట గొంతులోనే అడ్డం తిరిగేది. 'అవ్వా' అని పిలవడానికి కూడా తంటాలే. ఒక చలికాలం మొదట్లో మా అవ్వ నన్ను మాటలు నేర్పే అక్క దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ హొసకోటె నుంచి బస్సులో వచ్చేది. అనపకాయల కాలం అయిపోయేదాకే నేర్పుతానని, ఆ తర్వాత నా చోట్లోకి వేరే పిల్లలు వస్తారని మొదటి రోజే చెప్పేసింది.

పాఠం విచిత్రంగా ఉండేది. నానబెట్టిన అనపగింజల గిన్నె ముందు పెట్టి పొట్టు తీయమనేది. గట్టిగా నొక్కితే గింజ చితికిపోతుంది. మెల్లగా పితికితే పప్పు తుర్రుమని జారుతుంది. మాట కూడా అంతేనని, ఊపిరి వదిలి మెత్తగా మొదలుపెట్టమని చెప్పేది. "దుడ్లిచ్చేదీ మనమే, ఆమె ఇంటి పప్పు పితికేదీ మనమేనా" అని మా అవ్వ దారంతా సణిగేది. కొన్నాళ్లకు తనూ గిన్నె దగ్గర చేరింది.

మాట సాఫీ అయింది గానీ, బజారులో కాయల గుట్టలు తగ్గుతుంటే నాకు దిగులు పట్టుకుంది. అక్క వెళ్లిపోతే మాట మళ్లీ ఇరుక్కుంటుందని భయం. ఆ భయానికే తడబాటు తిరిగొచ్చింది. ఏడుస్తూ అక్కతో చెప్పాను.

"దిగులు ఉంటాది పాపా, ఉండనీ. నాకూ ఉండాది" అంది.

ఆఖరి రోజు గిన్నె లేదు. వీధి చివర కాయలమ్మే ఆమె దగ్గరికి నన్నొక్కదాన్నే పంపి, కాయలున్నాయేమో అడిగి రమ్మంది. వెళ్లి 'అ' దగ్గరే ఆగిపోయాను. ఆమె తక్కెడ పక్కన పెట్టి నా వంకే చూస్తోంది. అప్పుడు నా బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే కలిసి, లేని గింజను మెల్లగా పితికాయి.

"అనపకాయలుండాయా?"

"అయిపోయె కదమ్మీ. మళ్లా చలికాలానికే."

వెనక్కి తిరిగితే అక్క ఇటు చూడటమే లేదు. గోడకు ఆనుకుని మా అవ్వతో పితికిపప్పు కూర గురించి తీరిగ్గా మాట్లాడుతోంది. ఆవిడ చూడకపోయినా నాకు మాట వచ్చిందని అప్పుడు తెలిసింది. కాస్త కోపం, బోలెడు సంతోషం. పరుగెత్తుకెళ్లి "అక్కా, అయిపోయినాయంట" అన్నాను. ఎక్కడా ఆగలేదు.

ఆవిడను మళ్లీ చూడలేదు. ఇప్పటికీ ఆఫీసు మీటింగులో మాట ఆగితే, బల్ల కింద నా రెండు వేళ్లూ కదులుతాయి. ఇంట్లో నేను ఫోన్లో మాట్లాడేటప్పుడు కదిలితే మా అమ్మాయి చూసి అదేంటమ్మా అంటుంది. పప్పు పితుకుతున్నానంటాను.