నిదానమ్మ గొట్టం, చిన్నకోడలి గుడ్లు

పెళ్ళిలో ఆడపడుచు గిల్లితే నిదానమ్మ "అబ్బా" అని అరిచింది పెద్దకొడుకును బడిలో వేసిన నాడు. నొప్పి ఒంట్లో బయలుదేరి నోటిదాకా రావడానికి అంతకాలం పట్టిందట. "ఇప్పుడేమైంది వదినా?" అని ఆడపడుచు అడిగితే, ఆ జవాబు ఇంకా దారిలోనే ఉందట. పరిశోధనాలయంలో ఎవరిని కదిపినా ఈ కథే చెబుతారు, ఒట్టు పెట్టి మరీ.

ఆ పేరు ఆవిడకు చేసే పనివల్ల వచ్చింది. ఒక పని చేస్తే ఫలితం ఎంత ఆలస్యంగా వస్తుంది, వచ్చేలోగా మనిషి ఎన్ని వెర్రిపనులు చేస్తాడు అన్నదే ఆవిడ చదువంతా. దానికోసం పెద్ద హాలు గోడల వెంట రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా తిప్పించింది. విప్పి సాగదీస్తే పక్క ఊరివాళ్ళు దాని మీద బట్టలు ఆరేసుకోవచ్చు. ఈ చివర హీటరు, దాని వేడిని పెంచి తగ్గించే మర. ఆ చివర కుళాయి. ఇక్కడ మర తిప్పాక, అక్కడ వేడి తగిలేలోగా తీరిగ్గా టీ తాగి రావచ్చు. ఆగలేనివాడు వేడి రాలేదని మళ్ళీ తిప్పుతాడు, ఇంకా రాలేదని మళ్ళీ తిప్పుతాడు. చివరికి తిప్పిన వేడంతా కలిసొచ్చి చెయ్యి కాలుస్తుంది. స్నానాలగదిలో లోకమంతా చేసేదే ఇది. చదువుకున్నవాళ్ళు చేస్తే పరిశోధన. దీనికి విరుగుడుగా నిదానమ్మ ఒక పెట్టె తయారుచేసింది. పంపిన వేడి ఎంతో గుర్తుపెట్టుకుని, అది చేరేదాకా మర జోలికి పోకుండా కూర్చునే పెట్టె.

అదే పరిశోధనాలయంలోకి తోడికోడలు వచ్చిపడకపోతే ఆవిడ బతుకు హాయిగా సాగిపోయేది. చిన్నకోడలి పరిశోధన గుడ్ల ధర మీద. ధర పెరగ్గానే అందరూ కోడిపిల్లల్ని కొంటారు. అవి పెరిగి గుడ్లు పెట్టేసరికి బజారంతా గుడ్లే, ధర కూలబడుతుంది. విసుగొచ్చి కోళ్ళను అమ్మేస్తారు, మళ్ళీ గుడ్డు దొరకదు. ఇదీ ఆలస్యం కథే. కానీ చిన్నది దాన్ని ఆట చేసింది. వచ్చినవాళ్ళను బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వ్యాపారులను చేసి, చెక్కగుడ్లతో ఆడించేది. అందరూ నిలువునా మునిగి, పగలబడి నవ్వుకుంటూ లేచేవాళ్ళు. పత్రికలో ఫొటో కూడా పడింది. మామగారు దాన్ని పటం కట్టించి గోడకు తగిలించారు.

"చూశావా పెద్దమ్మాయ్, మన చిన్నది!"

"వంకరగా ఉంది మామయ్యా," అంటూ నిదానమ్మ పటాన్ని సరిచేసింది. సరిచేశాక అది ఇంకాస్త వంకరైంది.

డైరెక్టరుగారు ఉన్న మాట ముందే చెప్పేశారు. "చిన్న మేడమ్‌కి చోటు చాలడం లేదు. పరిశోధనాలయం చూడ్డానికి అతిథులొచ్చే రోజు చూస్తాను. మీ పెట్టె పనిచేస్తే సరే. లేకపోతే గొట్టం విప్పించి హాలు ఆవిడకిచ్చేస్తాను." విప్పిన గొట్టాన్ని మళ్ళీ చుట్టనిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరని నిదానమ్మకు తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది. డైరెక్టరుగారు చొక్కా చెయ్యి మడిచి కుళాయి కింద అరచెయ్యి పెట్టారు.

"చల్లగానే ఉందమ్మా."

"వస్తుంది సార్."

పక్కగదిలో గుడ్ల బల్ల దగ్గర గొల్లున నవ్వులు. "కొంప మునిగిందిరోయ్! ఇన్ని గుడ్లు ఎవడు తింటాడు?" డైరెక్టరుగారి మెడ అటు తిరిగింది. నిదానమ్మ ఒళ్ళు భగ్గుమంది. ఆవిడ చెయ్యి మీట నొక్కి పెట్టెను ఆపేసి, మర మీదికి పోయింది. కొంచెం తిప్పింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. అటు మళ్ళీ నవ్వు. ఇంకొంచెం తిప్పింది. "చిన్న మేడమ్, ఇంకో ఆట!" అని ఎవరో బతిమాలుతున్నారు. ఈసారి మర తిరిగినంత మేరా తిప్పేసింది.

వేడి వచ్చింది, పంపినదంతా కట్టగట్టుకుని. డైరెక్టరుగారి కేకకు రెండు వీధుల అవతల పావురాలు లేచిపోయాయి, గుడ్ల వ్యాపారులంతా పరుగెత్తుకొచ్చారు. కంగారులో ఆవిడ మరను పూర్తిగా వెనక్కి తిప్పింది. కాసేపటికి మంచునీళ్ళు. మళ్ళీ ముందుకు తిప్పింది, మళ్ళీ పొగలు. కుళాయి పక్కన వేడిని గీసే కలం కాగితం నిండా కొండలూ లోయలూ గీసుకుంటూ పోయింది.

ఎర్రబడిన చేతికి తడిగుడ్డ చుట్టుకుంటూ డైరెక్టరుగారు అన్నారు: "ఇదేనా మీ ఓపిక పెట్టె? విప్పించెయ్యండి."

నోరు మూసుకుంటే గొట్టం పోతుంది. తెరిస్తే పరువు పోతుంది, అదీ తోడికోడలి ఎదుట.

"పెట్టె తప్పు కాదు సార్. దాన్ని నేనే ఆపేసి, చేత్తో తిప్పాను."

"మీరా? ఎందుకమ్మా?"

"అటు నవ్వులు వినిపించాయి."

అందరూ నేల చూపులు చూశారు. చిన్నకోడలు మాత్రం ఆ మాట చెవిన పడనట్టు కాగితం మీదికి వంగింది.

"అక్కా! ఇది నా గుడ్ల ధరే!"

"నీ మొహం."

"ఒట్టక్కా, ఉండు." పరుగున వెళ్ళి తన ధరల గీతల కాగితం తెచ్చి పక్కన పెట్టింది. ఒకే కడుపున పుట్టినట్టున్నాయి రెండూ. "సార్, నా కోళ్ళు ఈ ముక్క చెప్పడానికి ఏళ్ళు పడుతుంది. అక్క గొట్టం మీ చెయ్యి కాలేలోగా చెప్పేసింది. దీన్ని విప్పితే నాది ఉత్త పిల్లలాటే. నా వ్యాపారులకు కావలసింది కూడా ఆ పెట్టే! ముందిచ్చిన కోడిపిల్లల ఆర్డరు గుర్తుపెట్టుకుని కుదురుగా కూర్చునేది."

డైరెక్టరుగారు పెట్టెను మళ్ళీ పనిలో పెట్టించి, మిగిలిన ఒక్క మంచి చేతినీ భయపడుతూ కుళాయి కింద పెట్టారు. టీ తాగినంతసేపు ఎవరూ ఊపిరి పీల్చలేదు. నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి, అలాగే ఉండిపోయాయి.

"ఇద్దరూ ఈ హాల్లోనే ఏడవండి," అన్నారాయన.

గొట్టం దక్కింది. కానీ దక్కించింది చిన్నది! ఆ ముద్ద నిదానమ్మకు మింగుడుపడలేదు. గుడ్ల బల్ల గొట్టం కిందికి చేరిన రోజున, బల్ల కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయని మాత్రం అంది.

ఇప్పుడు ఆ గిల్లుడు కథకు కొత్త తోక మొలిచింది. తోడికోడలి మీద అసూయ కూడా నిదానమ్మకు ఆలస్యంగానే వచ్చిందట. ఎప్పుడో ఫొటో పడ్డప్పుడు కడుపులో బయలుదేరి, సరిగ్గా అతిథుల రోజుకు చేతికి చేరిందట. మొన్న టీ దగ్గర, చిన్నకోడలు పక్కనే ఉండగా, ఎవరో దీన్ని ఆవిడ మొహం మీదే చెప్పారు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"ఆడపడుచు గిల్లలేదు. కొత్త చెప్పు కరిచింది, అప్పుడే అరిచాను. అసూయ కూడా ఆలస్యంగా రాలేదు. ఇదిగో, ఈ చిన్నది ఈ గుమ్మంలో అడుగుపెట్టిన రోజే వచ్చింది. తగ్గడానికే టైము పడుతోంది."