బాలరాజ్ జీపుకు టైమింగ్ కుదిరిన కథ

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు కొంచెం ముందుకు పోతే రామలింగం స్పేర్ పార్టుల దుకాణం వస్తుంది. దాని వెనకున్న రేకుల షెడ్డు ఆయన కూతురు స్వప్నికది. మెకానికల్ చదివి, సిటీలో ఒక సర్వీస్ సెంటర్లో కొన్నాళ్లు పనిచేసి, విసుగొచ్చి ఇంటికొచ్చేసింది.

"చెడిందేందో కనుక్కోనియ్యరు బాపూ. కొత్తది బిగించు, బండి పంపు అంటరు."

రామలింగం మరో మాట అడగకుండా పాత టైర్లు తీయించి షెడ్డు ఖాళీ చేసిచ్చాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇంజనును నడిపేందుకు కంపెనీది కాక బయటి కంప్యూటర్ పెట్టించాలంటే జనం చెప్పేది ఆమె పేరే.

ఆ వానాకాలం, సిటీది కాదు, ఈ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి బాలరాజ్ తన జీపును ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చాడు. పూలతోట రైతు; బురదలో జీపు పందేలంటే ప్రాణం పెడతాడు. పాత డీజిల్ ఇంజను పీకేసి, యాక్సిడెంట్‌లో నుజ్జయిన కారులోని పెట్రోల్ ఇంజను ఎక్కించాడు. ఇంజను దక్కింది గాని, దాన్ని నడిపే కంప్యూటర్ దక్కలేదు.

"ఆదివారం చేవెళ్ల అవతల పందెం ఉన్నది చెల్లె. అయితదా?"

"అయితదన్నా."

స్వప్నిక వైర్లన్నీ కొత్తగా గుంజి కంప్యూటర్ బిగించింది. శనివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే లాప్‌టాప్ తెరిచింది. నీళ్ల వేడి చెప్పే సెన్సర్, గాలి వేడి చెప్పే సెన్సర్ ఒకే అంకె చూపించాయి. రాత్రంతా ఆగి ఉన్న బండికి అట్లాగే ఉండాలి. యాక్సిలరేటర్ వదిలితే సున్నా, పూర్తిగా తొక్కితే నూరు. అదీ సరే.

ఇక మిగిలింది అసలు పని. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు నిప్పురవ్వ పడాలి. మరీ ముందు పడితే ఇంజను తనను తానే కొట్టుకుంటుంది; ఆలస్యమైతే సత్తువ ఉండదు. లాప్‌టాప్‌లో రవ్వను పది డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేసి, ఇంజను స్టార్ట్ చేసి, దాంతో పాటు తిరిగే పుల్లీ మీది గుర్తుపై, రవ్వ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైట్ వేసింది. గుర్తు పది మీదే నిలబడింది.

"అయిపాయె! ఇగ తీస్కపోత," అన్నాడు బాలరాజ్.

"జర ఆగన్నా."

ఆమె ఇంజను వేగం పెంచింది. పెంచేకొద్దీ గుర్తు మెల్లగా పక్కకు జరిగింది. తగ్గిస్తే మళ్లీ పదికే వచ్చింది.

"నడుస్తున్నది గద, ఇడిచిపెట్టు. రేపే పందెం," అన్నాడతను.

"గుట్ట ఎక్కేటప్పుడు ఫుల్లు తొక్కుతవు. అప్పుడు రవ్వ యాడ పడుతదో నాకే తెల్వదు. పిస్టన్ పగిలితే? నేనైతే బండి ఇయ్య."

"మరి అయితదంటివి?"

"ఇప్పుడు గూడ గదే అంటున్న."

బాలరాజ్ మొహం ముడుచుకుని పోయి రామలింగం దగ్గర కూర్చున్నాడు. ఆయన చాయ్ పోసిచ్చాడు గాని, కూతురికి నచ్చజెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

షెడ్డులో స్వప్నిక చేతులు కట్టుకుని ఇంజనునే చూస్తూ నిలబడింది. పుల్లీ గుర్తే తప్పయితే ఏ వేగంలోనైనా ఒకే తీరుగా తప్పు చూపాలి. వేగంతో పాటు జరుగుతోందంటే కంప్యూటర్‌కు అందే కబురే తేడా. పిస్టన్ ఎక్కడుందో చెప్పే క్రాంక్ సెన్సర్‌కు రెండు వైర్లు. తిరగేసి కలిపినా ఇంజను నడుస్తుంది, కానీ వేగం పెరిగేకొద్దీ లెక్క తప్పుతుంది. తను వైర్ల రంగులు చూసి కలిపింది. పెట్టింది వేరే రకం సెన్సర్. దాని రంగుల వరస వేరు. మీటరు పెట్టి చూస్తే అనుమానం నిజమైంది. తన మీద తనకే చిరాకేసింది. వైర్లు మార్చి, గుర్తు మళ్లీ పదికి వచ్చేలా సరిచేసింది. ఈసారి ఎంత వేగం పెంచినా గుర్తు రంగుతో గీసినట్టు అక్కడే ఉంది.

"అన్నా, ఇటు రా! వైర్లు నేనే తారుమారు కలిపిన. ఇప్పుడు చూడు."

అతను చూశాడు. మొహం విప్పారింది.

"ఇంక ఒక్క పని. ఎనక ఖాళీగ పడావున్న చేన్ల నేను నడుపుత, నువ్వు లాప్‌టాప్ పట్టుకొని అంకెలు చదువు."

"నా జీపు నువ్వు నడుపుతవా?"

"మరి ఇంజను చప్పుడు నువ్వు వింటవా?"

బాలరాజ్ నవ్వి పక్క సీట్లోకి ఎక్కాడు. తడి చేన్లో జీపు ఎగిరెగిరి పడుతుంటే, లాప్‌టాప్‌ను పసిపిల్లలా ఒడిలో అదిమిపట్టి గట్టిగా అంకెలు చదివాడు. ఇంజను మీద బరువు పడ్డ ఒకచోట సన్నగా టకటకమని వినిపిస్తే, స్వప్నిక ఆపి, ఆ వేగం దగ్గర రవ్వను రెండు డిగ్రీలు వెనక్కి జరిపింది. మళ్లీ నడిపింది. చప్పుడు లేదు.

మర్నాడు, ఏటా తన బండి ఊపిరి ఆగిపోయే ఏటవాలును బాలరాజ్ ఒక్క ఊపులో ఎక్కేశాడు. చివరి మలుపులో జారి రెండోవాడిగా వచ్చాడు. సోమవారం బురద కారుతున్న జీపుతోనే షెడ్డుకొచ్చాడు.

"జారింది నా చెయ్యి చెల్లె, ఇంజను గాదు."

స్వప్నిక నవ్వుతూనే పానా అందుకుంది. స్పార్క్ ప్లగ్గు ఒకటి విప్పి వెలుతురుకు పట్టి చూసింది. కొన లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంది. ఎక్కడా నల్ల మసి లేదు, కాలిన చుక్క లేదు; లోపల మంట సరిగ్గా మండుతోందన్నమాట.

"బాపూ, జర వచ్చి చూడు!" అని దుకాణంలోకి కేకేసింది.