దేవులాడు, దొరా

గాలిని చాటలో పోసి చెరిగి, వాన తెచ్చే గాలిని ఒక కుప్పగా, ఉత్త దుమ్ముగాలిని ఇంకో కుప్పగా పోయగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పేరు భూదేవి. కేసముద్రం మార్కెట్ యార్డులో పని చేస్తుంది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను ఇంటర్ సగంలో ఎగ్గొట్టినవాణ్ణి, పుస్తకాల్లో ఉన్నవాటికి పూచీ పడను. కళ్ళతో చూసినదాన్ని నాలుగింతలు చేసి చెప్పమంటే మాత్రం మానుకోట జిల్లా మొత్తంలో నాకు జోడు దొరకడు.

భూదేవక్కది చాట కూలీ. రైతులు తెచ్చి పోసిన కందులో, మక్కలో, మిరపకాయలో కాంటా ఎక్కేముందు చెరిగి, తాలూ మట్టీ తీసేయాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పిడికెడు మక్కలు ముక్కు దగ్గర పెట్టుకుందంటే అవి ఏ ఊరి చేనువో, ఆ చేను పక్కన ఏం పంట వేశారో, ఆసామి ముందురోజు ఏ కూర తిన్నాడో వరసగా చెప్పేస్తుంది. ఒకసారి ఒక పెద్ద ఆసామి ట్రాక్టర్ నిండా మక్కలు పోస్తుంటే దూరం నుంచే, కింది బస్తాలు తడిసినయి అంది. ఆయన మీసం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగో బస్తా విప్పితే బూజు. ఈ ఒక్క ముచ్చటలో నేను కలిపింది మీసం మాత్రమే.

రైల్వే స్టేషన్ వెనక రెండు గదుల రేకుల ఇల్లు వాళ్ళది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. భర్త నర్సయ్య బావ అదే యార్డులో హమాలీ. బిడ్డ మనీషా భూపాలపల్లిలో నర్సు ఉద్యోగం చేసుకుంటుంది. ఇంట్లో మూడో మనిషి దొర. దొర అంటే కుక్క. ఎనిమిదేళ్ళ కింద జఫర్‌గఢ్‌లో పుట్టింటికి పోయినప్పుడు కొంగులో చుట్టి తెచ్చిన పిల్ల. ఆ పేరు ఎందుకు పెట్టావని అడిగితే, పని చేయకుండా తిని, మంచం కింద కాళ్ళు చాపుకుని, వచ్చేపోయేవాళ్ళ మీద అరిచేవాణ్ణి ఇంకేమని పిలవాలె అంటుంది. పగలంతా ఊరివాళ్ళ బస్తాలు మోసి, గింజలు చెరిగి వచ్చిన ఆ ఇద్దరూ సాయంత్రం గుమ్మంలో నిలబడి "దొరా, బువ్వ తింటవా" అని అడుగుతుంటే నాకు భలే నవ్వొచ్చేది.

పోయిన చలికాలంలో దొర కళ్ళకు తెల్లపొర కమ్మింది. మొదట మంచంకోడుకు గుద్దుకున్నాడు. తర్వాత నీళ్ళ బిందెకు. ఒకరోజు పొయ్యి పక్కన దించిన గంజి గిన్నెలో కాలు పెట్టాడు. అంతే, మంచం కిందికి పోయి గోడకు ముఖం పెట్టి పడుకున్నాడు. పన్నెండు రోజులు బయటికి రాలేదు. గిన్నె మూతి దగ్గరికి జరిపితే రెండు మెతుకులు తినేవాడు. పొద్దున్నే నర్సయ్య బావ భుజాన వేసుకుని బయట దించి, పని అయ్యాక మళ్ళీ ఎత్తుకొచ్చేవాడు. పగలు ఇద్దరూ యార్డులో ఉంటే ఎక్కడి తడి అక్కడే.

నా ట్రాలీ ఆటోలో మహబూబాబాద్ పశువుల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కళ్ళు ఇక రావని చెప్పింది. కుక్కకు కళ్ళ కన్నా ముక్కు పెద్దదని, అది బాగానే ఉందని, కాబట్టి ఇంట్లోనే దానితో వాసన ఆట ఆడించమని చెప్పింది. ఉప్పు కారం లేకుండా కార్జం ఉడకబెట్టి శనగగింజంత ముక్కలు కోయాలి. మొదట అరచేతిలో, తర్వాత జానెడు దూరంలో, ఆ తర్వాత ఏదైనా వస్తువు కింద దాచాలి. ప్రతిసారీ అదే గెలవాలి. కసరకూడదు. ఇంట్లో సామాను ఉన్నచోటు నుంచి జరపకూడదు. పూటకు ఐదు నిమిషాలు చాలు. లేచి తిరిగితే బతుకుతుంది, పడుకుంటే పడుకున్నట్టే అంది.

బావ చెవిలో చివరి ముక్క మాత్రమే పడ్డట్టుంది. తిరిగొచ్చేటప్పుడు నా పక్కన కూర్చుని, వెనక ట్రాలీలో దొర తల ఒళ్ళో పెట్టుకున్న భార్యకు వినపడకుండా అన్నాడు. "ఈ సోమవారం గాదు, అవతలి సోమవారం దాక సూద్దాం శ్యాం. దానంతట అది లేవకపోతే బండి తియ్యి. ఆఖరి సూది ఏపిద్దాం. పొద్దుపొద్దున ఎత్తుకుంటె దాని వణుకు నా భుజానికి తగుల్తుంది."

క్వింటాలు బస్తా మోసే భుజం అది. నేను చెబితే రెండు క్వింటాళ్ళు అవుతుంది, అది వేరే సంగతి. ఆ మాట భూదేవక్క వినకుండా ఎలా ఉంటుంది? ఇంటికి చేరి దిగేటప్పుడు, సోమవారం దాక అంటే ఇంకా పద్నాలుగు రోజులున్నయి అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆ సాయంత్రమే బడి మొదలైంది. మంచం కింద మోచేతుల మీద పాకి, కార్జం ముక్క ఉన్న అరచెయ్యి దొర ముక్కు ముందు పెట్టి "దేవులాడు" అంది. అక్కడ వెతికి దేవులాడటానికి ఏముంది, ముక్క మూతికే తగులుతోంది. తిన్నాడు. రాముడు వంతెన కట్టినంత సంబరపడింది. రెండోరోజు ముక్క జానెడు దూరం పోయింది. మూడోరోజు బెత్తెడు అటు. నాలుగోరోజు చాట బోర్లించి దాని కింద పెట్టింది. దొర చాట అంచు మూతితో లేపి, ముక్క తిని, చాటను గీరి గీరి ఇంకా ఉందేమో చూశాడు. ఆరోరోజుకు మంచం కింది నుంచి ముందరి కాళ్ళు రెండూ బయటికి వచ్చాయి. కాళ్ళే. నడుం రాలేదు. ఆమె మాత్రం భూపాలపల్లికి ఫోన్ చేసి, దొర సగం బయటికొచ్చిండని బిడ్డకు చెప్పింది. అవతల మనీషా ఏ సగం అని అడిగిందట.

ఎనిమిదోరోజు నుంచి కథ అడ్డం తిరిగింది. యార్డులో అప్పటిదాకా కందులు చెరిగిన భూదేవక్కను మిరప కుప్పల మీదికి మార్చారు. తాలుకాయ ఏరాలంటే ఆమే ఉండాలి. సాయంత్రం వచ్చి, మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగి, ముక్క దాచి, దేవులాడు అంది. దొర చాట దాకా మూతి చాపి ఒక్క తుమ్ము తుమ్మాడు. ఆ తర్వాత పదకొండు. మా ఇంటి రేకులు లేచి పడ్డాయి, స్టేషన్లో గూడ్సు బండి ఆగి సిగ్నల్ కోసం చూసింది. నవ్వుతూ ఈ మాటలు ఆమెతోనే అన్నాను. ఆమె నవ్వలేదు. దొర మళ్ళీ గోడకు ముఖం పెట్టాడు.

తొమ్మిదోరోజూ అంతే. ఆమె గాజుల చప్పుడు వింటేనే వెనక్కి జరిగేవాడు. ఆమెకు తోచిన కారణం ఒక్కటే: పొద్దంతా వదిలేసి పోతున్నానని అలిగాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, యార్డుకు పోకపోతే ఎట్ల గడుస్తదో, మేస్త్రీ ఏమంటాడో కుక్కకు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పడం గోడ ఇవతల నాకు వినిపించేది. బావ మాత్రం సోమవారానికి ఎవరి కిరాయీ ఒప్పుకోవద్దని నాకు గుర్తు చేశాడు.

పదోరోజు సాయంత్రం బావ యార్డు నుంచి వచ్చి చెప్పులు విడవడానికి మంచం అంచున కూర్చున్నాడు. ఆరోజు ఆయన కందుల లారీ ఎత్తాడు. చెయ్యి కిందికి వేలాడుతుంటే వేళ్ళకు తడి తగిలింది. చూస్తే దొర ముక్కు. ముక్కు వెనక తల, తల వెనక మెడ, మెడ వెనక నడుం. ఆయన ఊపిరి బిగబట్టి భార్యను పిలిచాడు. ఆమె వంటగదిలోంచి చెయ్యి చాపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. దొర తుమ్మి, వచ్చినంత వేగంగా వెనక్కి పోయాడు.

బావకు అనుమానం వచ్చింది. ఆమె అరచెయ్యి పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

"ఇది చెయ్యి గాదే, మిరప కల్లం."

ఆమె నమ్మలేదు. అరచెయ్యి వాసన చూసుకుంది, కొంగు చూసుకుంది, చాట తెచ్చి చూసింది. నా దగ్గరికీ వచ్చి చెయ్యి చాపింది. నాకూ కళ్ళు మండాయి.

"నాకేం వాసన వస్తలేదు తమ్మీ," అంది. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు.

బస్తా కింది బూజు పసిగట్టే ముక్కు, ఇరవై రెండు మిరప సీజన్లలో ఒక్క మిరప ఘాటుకు మాత్రం మొద్దుబారిపోయింది. యార్డు ఆడవాళ్ళందరిదీ అదే సంగతట, ఒకరిదొకరికి తెలియదు కాబట్టి ఎవరూ అనుకోరు. కళ్ళులేని దొరకు ఆమె అంటే వాసనే. ఆ వాసన స్థానంలో రోజూ సాయంత్రం ఒక మంట వచ్చి, ఆమె గొంతుతో పిలుస్తోంది. వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఇంక నాలుగు రోజులే. సీజన్ నడుమ మిరప పని వదలడం కుదరదు. ఆ రాత్రి అన్నం ముందు ఆమె మొగుడితో ఒక్కటే మాట అంది. "చెయ్యి నీది, మాట నాది."

సూది వేయిద్దామన్నవాడే పంతులయ్యాడు. ఆమె గడప అవతల, గాలి ఇంట్లోకి కొట్టని వైపు కూర్చుని పిలిచేది. లోపల ముక్క దాచేది బావ. అయితే హమాలీ దాచడం ఎలా ఉంటుంది? మొదటి రోజే ముక్క తీసుకుపోయి నిండు బియ్యం బస్తా కింద పెట్టాడు. దొర బస్తా చుట్టూ తిరిగి, తలతో ఒక్క తోపు తోసి, చతికిలపడ్డాడు.

"అది కుక్కనయ్యా, మీ జట్టోడు గాదు. బస్తా ఎత్తుతదా?" అంది ఆమె బయటి నుంచి. డాక్టరమ్మ కసరొద్దన్నది కుక్కను, మొగుణ్ణి కాదు కదా.

ఆయన నేర్చుకున్నాడు. ముక్కను చాట కింద, రోలు పక్కన, గోనెపట్టా మడతలో పెట్టడం నేర్చుకున్నాడు. దొర కంటే ఆయనే ముందు నేర్చుకున్నాడని నా లెక్క. మిరప ఘాటెక్కిన పాత చాట పట్టుకుపోయి మా ఇంట్లో పెట్టి, మా అమ్మ చాట అరువు తీసుకున్నాడు. శనివారానికి దొర మంచం నుంచి రోలు దాకా గోడ పట్టుకుని నడిచాడు. అయినా ఎవరూ పిలవకుండా, తనంతట తాను ఒక్కసారి కూడా లేవలేదు. బావ అడిగిన షరతు అది.

ఆదివారం యార్డు బంద్. భూదేవక్క పొద్దున్నే శనగపిండి, పెరుగు కలిపి మోచేతుల దాకా రుద్దుకుంది. కుంకుడుకాయతో తలంటుకుంది. యార్డు ముఖం చూడని పాత చీరొకటి ఎండలో ఆరేసి కట్టుకుంది. నన్ను పిలిచి చెయ్యి వాసన చూడమంది. ఏమీ లేదన్నాను. గడప బయట తన చోటుకు పోయి కూర్చుంది. ఈసారి పిలవనంది. ఏమీ మాట్లాడనంది.

లోపల బావ మూడు ముక్కలు దాచి గోడకు ఆనుకున్నాడు. ఆయనా పిలవలేదు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. మంచం కింద చీకట్లో కాసేపు ఏ కదలికా లేదు. ఎంతసేపంటే, ఆ సేపట్లో నేను ఇంటర్ రెండేళ్ళూ చదివి పాసయ్యేవాణ్ణి. అప్పుడు ముక్కు బయటికి వచ్చింది. గాలిని అటూ ఇటూ తూచింది. దొర లేచాడు. చాట కింద మొదటిది తిన్నాడు. రోలు పక్కన రెండోది. ఇక గోనెపట్టా వైపు తిరగాలి. తిరగలేదు. గోనెపట్టాను, అందులో ఘుమఘుమలాడుతున్న కార్జాన్ని గడ్డిపోచలా వదిలేసి, ముక్కు పైకెత్తి, గది మధ్యలోంచి గోడ ఆసరా లేకుండా గుమ్మం వైపు నడిచాడు. గడపకు ఒక కాలు తగిలింది. ఆగి, ఎత్తు చూసుకుని దాటాడు. పోయి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. తుమ్మలేదు.

ఆమె కదలలేదు. దొర చెవి మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుంది. వీధిలో ఒక ట్రాక్టర్ పోయింది. బావ గోనెపట్టా మడత విప్పి, మిగిలిన ముక్క చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నా వైపు తిరిగాడు.

"శ్యాం, రేపు నీ బండికి ఏరే కిరాయి ఉంటె సూస్కో."

ఇప్పుడు దొర పొద్దున్నే తనంతట తాను బయటికి పోయి వస్తున్నాడు. బావ భుజానికి ఆ బరువు తప్పింది. సాయంత్రం ఆట మాత్రం మానలేదు, ముక్కలు దాచే పని ఇంకా ఆయనదే, భార్య అడిగినా ఇవ్వడు. నేనైతే ఎవరు కనిపించినా ఒకటే చెబుతున్నాను: లోకంలో కార్జం కన్నా గట్టి వాసన ఒకటుందని, అది ప్రేమ వాసన అని, కళ్ళులేని దొర దాన్ని పట్టుకునే గడప దాటాడని.

ఇదంతా రాసి, మొన్న యార్డుకు సెలవు నాడు భూదేవక్కకు చదివి వినిపించాను. గాలి చెరగడం గురించి ఏమీ అనలేదు. మీసం దగ్గర కొంచెం నవ్వింది. ప్రేమ వాసన దగ్గర ఆపమని, ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివాను.

"అట్లేం లేదు తమ్మీ. నాలుగో కార్జం ముక్క నా కొంగున కట్టుకొని కూసున్న. దొర దానికోసమే వచ్చిండు."