బరువు కింద పక్కకు తిరగడం

ఆమె పుస్తకాలు కుట్టే మనిషి. ప్రెస్సు వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా అచ్చయిన ఫారాలు మడిచి, కుట్టి, జిగురు రాసి, అట్టలు వేస్తోంది. అందరూ బైండరక్క అంటారు. పొట్టి మనిషి కావడంతో పై అరలోని కాగితం కావాలంటే స్టూలెక్కాల్సిందే. నలభై ఆరో ఏట ఒక మధ్యాహ్నం అలా ఎక్కి దిగుతుండగా గోడవార పేర్చిన కాగితం కట్టలు ఒరిగి మీద పడ్డాయి.

వెల్లకిలా పడింది. ఎముకలేవీ విరగలేదు గానీ, ఛాతీకి అడ్డంగా ఆరేడు కట్టలు. పక్కగదిలో యంత్రం ఆడుతోంది కనుక ఆమె కేక ఎవరికీ వినిపించలేదు. కట్టల్ని పైకి నెట్టింది. నెట్టినకొద్దీ చేతుల్లో సత్తువ పోయింది. చివరికి కేక వేయడానికీ ఊపిరి చాలలేదు. ఇరవై నిమిషాల తరువాత ఫోర్‌మన్ అట్టల కోసం వచ్చి చూశాడు.

కమిలిన చోట్లు రెండు వారాల్లో మానాయి. భయం మానలేదు. దుప్పటి గుండెల దాకా వస్తే ఉలిక్కిపడి లేచేది. బస్సులో ఇద్దరి మధ్య సీటు దొరికినా నిలబడే వెళ్ళేది. గోడవైపు పని ఏదైనా పడితే ఇంకెవరికో అంటగట్టి, అడిగినవాళ్ళతో వయసు మీద పడుతోందని నవ్వేసేది. డాక్టరు ఒంట్లో ఏమీ లేదని, మెల్లగా తగ్గుతుందని చెప్పాడు. మెల్లగా అంటే ఎన్నాళ్ళో చెప్పలేదు.

ఆమె ఆడపడుచు, అంటే భర్త చెల్లెలు, ఒక వ్యాయామశాల పై అంతస్తులో జియు-జిట్సు నేర్పుతుంది. ఆదివారం ఉదయాలు ఆడవాళ్ళ తరగతి. ఆ ఆటలో కొట్టుకోవడం ఉండదు. పట్టుకోవడం, పడేయడం, కదలనివ్వకపోవడం. చాలనుకున్నవాళ్ళు చేత్తో రెండుసార్లు తడితే అవతలి మనిషి ఆ క్షణమే వదిలేయాలి. అన్న ద్వారా సంగతి విన్న ఆడపడుచు ఇంటికొచ్చి కూర్చుంది. ఓదార్చలేదు.

"వదినా, నీ మీదున్న బరువు నువ్వు తట్టగానే లేచిపోతుందనుకో. అప్పుడూ భయమేస్తుందా?"

తెలీదంది బైండరక్క. తెలీకపోతే వచ్చి చూడమంది ఆడపడుచు.

మొదటి రెండు ఆదివారాలు బల్ల మీద కూర్చుని చూసింది. మూడో వారం మ్యాట్ మీద పడుకుంది. ఆడపడుచు పక్కనుంచి ఆమె ఛాతీకి అడ్డంగా వాలింది. దాన్ని సైడ్ కంట్రోల్ అంటారు. కింద ఉన్నవాళ్ళకు అటూ ఇటూ తిరగడానికి సందు ఉండదు. ఒక్క ఊపిరి తీసుకునేలోపే బైండరక్క తట్టేసింది. ఆడపడుచు తటాలున లేచింది. అలా లేచినందుకే బైండరక్కకు ఏడుపొచ్చింది. తట్టితే లేచే బరువు కూడా ఉంటుందని ఆమె ఒంటికి అప్పుడే తెలిసింది.

ఆ తరువాత రెండు నెలలు తట్టడమే పని. భర్తకు మాత్రం ఇదంతా వేడుకగా ఉండేది. నెత్తికెక్కే ఆడపడుచుల్ని చూశాను గానీ, గుండెల మీద పడుకునే ఆడపడుచుని నీకు నేనే తెచ్చిపెట్టానని నవ్వేవాడు.

కాస్త నిలవగలిగాక పాఠం మొదలైంది. బైండరక్క అలవాటుకొద్దీ రెండు చేతులతో పైకి నెట్టేది. నిమిషంలో చేతులు చచ్చుబడేవి.

"నన్నెత్తకు వదినా" అంది ఆడపడుచు. "నన్నెత్తడం నీ పని కాదు. నేనిక్కడే ఉంటాను. నువ్వెళ్ళిపో."

వెళ్ళే దారి చూపించింది. ఒక ముంజేయి పైనున్న మనిషి మెడకు అడ్డం, ఇంకోటి తుంటికి అడ్డం. కండబలంతో కాదు, గడియ వేసినట్టు ఎముకతో ఆపాలి. పాదాలు నేలకు తన్నిపట్టి నడుము ఒక్కసారి పైకెత్తాలి, దిగేటప్పుడు తుంటిని వెనక్కి లాగేసుకోవాలి. అప్పుడు దొరికే జానెడు సందులో పక్కకు తిరిగి, మోకాలు దూర్చాలి. రొయ్య ముడుచుకున్నట్టు ముడుచుకుంటూ వెనక్కి జరగడాన్ని బైండరక్క ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య నేలమీద సాధన చేసేది. భర్త కాఫీ కప్పుతో ఆమెను దాటుకుంటూ వెళ్ళేవాడు.

ఆరో నెలలో రొట్టెల బట్టీ నడిపే ఆవిడ తరగతిలో చేరింది. భారీ మనిషి. బైండరక్క కథ ఆమెకు తెలియదు, కాబట్టి జాలిపడి తేలిగ్గా పడుకోలేదు. ఆవిడ భుజం మొహాన్ని కప్పేసింది. కళ్ళ ముందు చీకటి, ముక్కు నిండా పిండివాసన. బైండరక్క చెయ్యి తట్టడానికి లేచింది. ఇంకొక్క ఊపిరి చూద్దామనుకుని ఆగింది. అది వచ్చింది. తరువాతదీ వచ్చింది. ఏమీ చేయకుండా కాసేపు అలాగే ఉంది. బరువు ఉంది, ఊపిరీ ఉంది. రెండూ ఒకేసారి ఉండగలవని అప్పటిదాకా ఆమెకు నమ్మకం లేదు. అప్పుడు ముంజేతులు సర్దుకుని, నడుమెత్తి, తుంటి లాక్కుని, తిరిగింది. మోకాలు లోపలికి దూరింది.

"ఎటు జారిపోయావ్?" అంది రొట్టెలావిడ తెల్లబోయి. అర నిమిషంలో మళ్ళీ పట్టి పడుకోబెట్టింది, అది వేరే సంగతి.

ఆ వారం బైండరక్క ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళింది. తన అజాగ్రత్త వల్లే కట్టలు పడ్డాయనుకుని ఏడాదిగా సిగ్గుతో నోరు మెదపలేదు. గోడవార కట్టలు నడుమెత్తుకు మించి పేర్చవద్దని చెప్పింది. చోటు లేదన్నాడాయన. చోటు చూసేదాకా అటువైపు పని తను చేయనంది. గొంతు పెంచలేదు, కదలనూ లేదు. రెండు వారాలకు కాగితం సగం పక్క షెడ్డుకు మారింది.

భయం పూర్తిగా పోయిందని చెప్పలేం. దుప్పటి ఇప్పటికీ నడుము దాకానే. కానీ నలభై ఎనిమిదో ఏట చిన్న పోటీలో దిగింది. అవతల తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నదైన అమ్మాయి. ఐదు నిమిషాల ఆటలో మూడు నిమిషాలు ఆ అమ్మాయి కిందే గడిచాయి. ఒకసారి బయటపడింది, మళ్ళీ దొరికిపోయింది, పాయింట్ల మీద ఓడింది.

బాధగా ఉందా అని ఆడపడుచు అడిగితే ఉందనే చెప్పింది. బూట్లు వేసుకుంటూ, మెడ దగ్గర చెయ్యి ఎక్కడ తప్పిందో వచ్చే ఆదివారం ఇంకోసారి చూపించమంది.