లాజరు మావ నీళ్ళ ప్రార్థన

మా లాజరు మావ ప్రార్థనకి లేస్తే, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన ఆడవాళ్ళ గుండెలు గుబగుబలాడేవి. అంత పొడుగు ప్రార్థన ఆయనది. అక్కుపల్లి దగ్గర మా చిన్న బాప్టిస్టు సంఘానికి ఆయనే పెద్ద. ఎకరం జీడితోట ఉండేది. తిత్లీ తుఫాను ఆ తోటనీ, మా అందరి కొబ్బరి చెట్లనీ పడగొట్టాక, ఆయన ప్రార్థనలో మనుషుల కన్నా నేలా నీళ్ళూ ఎక్కువయ్యాయి.

నెలలో మొదటి ఆదివారం నీళ్ళ ప్రార్థన అప్పుడు పెట్టిందే. ప్రతి ఇంటివాళ్ళూ తమ బావి నీళ్ళు ఒక గ్లాసు తెచ్చి బల్ల మీది బిందెలో పోయాలి. మా ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. నీళ్ళ మీదే అందరికీ అనుమానం. "నీ సేతి పని బాగుసెయ్యి ప్రభువా" అని వేడుకుని, మొదటి గ్లాసు మావ తాగేవాడు. రెండోది ఆయన భార్య ఇవాంజెలిన్ అత్త. మేం తలో గుక్క.

"దేవుడి సేతిలో ఎట్టిన నీళ్ళని మళ్ళీ అనుమానిత్తే అది ప్రార్థనేటి?" అంటూ ఆయన తన గడపలోకి కొనుక్కునే డబ్బా నీళ్ళు రానివ్వలేదు. మేం గంగిరెద్దుల్లా తలలూపి, ఇంటికెళ్ళి డబ్బా నీళ్ళే తాగాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నిరుడు అత్త కాళ్ళు వాచాయి. పలాసలో డయాలసిస్ మొదలైంది. నీళ్ళ వల్లేనా అని మావ అడిగితే డాక్టరు చెప్పలేనన్నారు. ఆ మాటతో మావకి నిద్ర కరువైంది. రోజుకి అర లీటరు మించి తాగకూడదని మాత్రం అత్తకి గట్టిగా చెప్పారు.

మొన్నటి నీళ్ళ ప్రార్థన రెండు మాటల్లో అయిపోయింది. మావ తన గ్లాసు తాగాడు. అత్త ఎప్పటిలాగే లేచి తన గ్లాసు ముంచుకుంది. మావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తాగకే. డాక్టరు కొలత సెప్పారు కదా."

"పొద్దున్నుంచి సుక్క ముట్టలేదు. దీనికోసమే ఉంచుకున్నాను."

ఇక ఆయనకి తప్పించుకునే దారి లేకపోయింది. "ఈ నీళ్ళు వొద్దే. నాకు బయం."

"ఎప్పటి నుంచి?"

మావ మా వైపు చూశాడు. "ముందు నుంచీ బయమే. పెద్దనై ఉండి నేనే బయపడితే నలుగురూ ఏటనుకుంటారని..."

అత్త గ్లాసు కింద పెట్టింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"సంఘానికి సెప్పకపోతే పోయారు," అంది. "నాకొక్కదానికైనా సెప్పాల్సింది కదా."

మాలో ఎవరమూ తల ఎత్తలేదు.